ఆగి వెళ్లే ఊరు: రెండు కనుమల పాదాన సూసా

ఇటలీ వాయవ్య మూలన, పీడ్‌మాంట్ ప్రాంతంలో, టూరిన్ నగరం నుంచి పడమరగా యాభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణిస్తే సూసా అనే చిన్న పట్టణం వస్తుంది. జనాభా ఆరు వేలకు అటూ ఇటూ. ఆల్ప్స్ పర్వతాల్లోకి ఇంత లోపలికి వచ్చాక కూడా ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తులోనే ఉండటం గమనించవలసిన విషయం. ఉత్తరాన రోచ్చామెలోనే శిఖరం 3,538 మీటర్ల ఎత్తున నిలిచి ఉంటుంది. ఊరి వీధికీ ఆ శిఖరానికీ మధ్య నేల మీద దూరం ఎనిమిది కిలోమీటర్లకు మించదు, ఎత్తులో తేడా మాత్రం మూడు వేల మీటర్లు. పల్లం ఇంత లోపలి దాకా చొచ్చుకువచ్చి, ఆ తర్వాత కొండ ఒక్కసారిగా లేవడమే సూసాను సూసాగా చేసింది. మైదానం నుంచి వచ్చినవాడికి బండి ఇక్కడి దాకా సుఖంగా నడుస్తుంది. ఇక్కడి నుంచి పైకి వెళ్లాలంటే ఆగాలి, సామాను సర్దుకోవాలి, మనుషులనూ పశువులనూ కుదుర్చుకోవాలి.

పడమటి ఎగువ నుంచి డోరా రిపారియా నది, వాయవ్యం నుంచి చెనిస్కియా వాగు దిగివచ్చి సూసా దగ్గర కలుస్తాయి. ఈ రెండు నీళ్లూ రెండు కనుమల దారులు. డోరా వెంట ఎగువకు పోతే 1,854 మీటర్ల ఎత్తున మోంజెనెవ్ర్ కనుమ, చెనిస్కియా వెంట పోతే సుమారు 2,080 మీటర్ల ఎత్తున మోన్ సెనీ కనుమ వస్తాయి. రెండవదాన్ని ఇటాలియన్లు మోంచెనీజియో అంటారు. మొదటి కనుమ దాటితే డ్యూరాన్స్ లోయలోకి, రెండవది దాటితే ఆర్క్ లోయలోకి దిగుతాము. రెండు లోయల నీళ్లూ చివరికి రోన్ నదిలో చేరేవే. ఆల్ప్స్‌లో చాలాచోట్ల ఒక కనుమ దాటితే ఎదురుగా మరో పర్వతశ్రేణి అడ్డం నిలుస్తుంది. ఇక్కడ అలా కాకుండా ఒకే ఎక్కుడు, ఒకే దిగుడు. దానితో పో నది మైదానం నుంచి రోన్ పరీవాహకంలోకి చేరిపోవచ్చు. ఇటలీ నుంచి ఫ్రాన్సు వైపు సైన్యాలూ, యాత్రికులూ, సరుకులూ రెండు వేల ఏళ్లుగా ఈ లోయనే వెతుక్కుంటూ రావడానికి కారణం ఇదే. ఏనుగులతో ఆల్ప్స్ దాటిన కార్తేజ్ సేనాని హన్నిబాల్ ఈ పక్కనున్న ఏదో కనుమ గుండానే దిగాడని వాదించేవారు ఉన్నారు. వేరే కనుమల తరఫున వాదించేవారు కూడా అంతకు తక్కువ లేరు కాబట్టి ఆ చర్చను అక్కడే వదిలేయడం మంచిది.

లోయ అడుగు ఇంత చదునుగా ఉండటం హిమయుగపు పని. ఎగువ నుంచి పారిన పెద్ద హిమనదం లోయను తొలిచి వెడల్పు చేసి, తాను తోసుకొచ్చిన రాళ్లూ మట్టినీ టూరిన్ సమీపంలోని రివోలి, అవిల్యానా ఊళ్ల దగ్గర వంపు తిరిగిన గుట్టల వరుసలుగా వదిలిపెట్టింది. అవిల్యానా సరస్సులు ఆ గుట్టల మధ్య నిలిచినవే. చుట్టూ ఎత్తయిన కొండలు వాన మేఘాలను అడ్డుకోవడం వల్ల లోయ మధ్యభాగం ఆల్ప్స్‌లోని ఇతర ప్రాంతాల కంటే పొడిగా ఉంటుంది. ఎండ తగిలే ఉత్తరపు వాలు మీద మధ్యధరా తీరపు మొక్కలు పెరుగుతాయి. సూసాకు దిగువనున్న క్యానొక్కో కొండగండిలో, సముద్రతీరాలకు చెందిన సతతహరిత ఓక్ జాతి చెట్లు సహజంగా పెరుగుతున్నాయి. మంచు శిఖరాల నీడలో ఆ చెట్లు కనబడటం వృక్షశాస్త్రవేత్తలకు ఇప్పటికీ ఆసక్తికరమే. ఎండవైపు వాలుల్లో అవనా అనే స్థానిక నల్ల ద్రాక్షను పండిస్తారు. లోయలో కాసే చెస్ట్‌నట్ కాయలకు ఐరోపా భౌగోళిక గుర్తింపు ఉంది. ఇవన్నీ ఉన్నా సూసా వ్యవసాయం మీద బతికిన ఊరు కాదు. దాని జీవనాధారం మొదటి నుంచీ దారి, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే దారిలో జనం ఆగడం.

లిఖిత చరిత్రలో సూసా కనబడేనాటికి ఇక్కడ కెల్టు, లిగూరియన్ మూలాలున్న కొండజాతులు ఉండేవి. వాటిని పాలించిన దొన్నుస్ అనే రాజుకు కొడుకు కొత్తియుస్. రోమన్ చక్రవర్తి అగస్టస్ ఆల్ప్స్ జాతులను ఒక్కొక్కటిగా లొంగదీస్తున్న కాలంలో కొత్తియుస్ యుద్ధానికి దిగకుండా సంధి చేసుకున్నాడు. రాజు అన్న బిరుదును వదులుకుని రోమన్ అధికారి హోదాలో, మార్కుస్ యూలియుస్ కొత్తియుస్ అన్న రోమన్ పేరుతో, తన ప్రజలను తానే పాలించుకునే వీలు సంపాదించాడు. ఇందుకు గుర్తుగా క్రీస్తుపూర్వం 9-8 సంవత్సరాల్లో సెగూసియం, అంటే నేటి సూసాలో, లోయలోనే దొరికే తెల్లని చలువరాతితో కట్టించిన తోరణం ఇప్పటికీ నిలిచి ఉంది. దాని మీది శాసనంలో కొత్తియుస్ పాలనలోని పద్నాలుగు జాతుల పేర్లు ఉన్నాయి. శాసనపు కంచు అక్షరాలు ఎప్పుడో ఊడిపోయాయి. వాటిని బిగించిన గాడులను బట్టి పాఠాన్ని చదువుకోవలసి వచ్చింది. పైభాగాన చెక్కిన శిల్పాల వరుసలో సంధి ఘట్టమూ, ఎద్దు, గొర్రె, పంది మూడింటినీ కలిపి ఇచ్చే రోమన్ బలీ కనిపిస్తాయి.

దాదాపు అదే కాలంలో మధ్యధరా తీరాన, నేటి మొనాకోకు ఎగువన లా తుర్బీ దగ్గర, అగస్టస్ ఓడించిన నలభై అయిదు ఆల్ప్స్ జాతుల పేర్లతో ఒక విజయస్మారకం వెలిసింది. కొత్తియుస్ ఏలుబడిలోని సమాజాలు శత్రువులు కాలేదు కనుక వాటిని ఆ జాబితాలో చేర్చలేదని రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. ఒకే చక్రవర్తి పేరున లేచిన ఆ రెండు కట్టడాల్లో ఒకటి ఓడినవారి పట్టిక, రెండవది ఒప్పందం చేసుకున్నవారి పట్టిక. కొత్తియుస్‌ను పిరికివాడనడం తేలికే గాని, అతని చేతిలో ఉన్న బలం సైన్యం కాదన్న సంగతి మరవకూడదు. గౌల్ వైపు, అంటే నేటి ఫ్రాన్సు వైపు, నడిచే రోమన్ సేనలకు దారి కావాలి, ఆ దారి అతని గడపలో ఉంది. అతడు కొండల్లో సైన్యం నడవదగిన బాటలు వేయించాడనీ, అతని సమాధి సెగూసియం గోడల పక్కనే ఉందనీ నాలుగవ శతాబ్దపు చరిత్రకారుడు అమ్మియానుస్ మర్సెల్లినుస్ రాశాడు. అప్పటికి నాలుగు వందల ఏళ్లు గడిచినా స్థానికులు ఆ సమాధిని గౌరవిస్తూనే ఉన్నారు. కొత్తియుస్ వంశం నీరో కాలంలో అంతరించి ప్రాంతం మామూలు రోమన్ రాష్ట్రంగా మారింది. పేరు మాత్రం నిలిచింది. ఈ పర్వతభాగాన్ని భూగోళ పటాలు నేటికీ కొత్తియన్ ఆల్ప్స్ అనే పిలుస్తాయి.

రోమన్ల ముఖ్యమైన దారి మోంజెనెవ్ర్ మీదుగా సాగేది. ఊళ్లో మిగిలిన రెండవ శతాబ్దపు క్రీడాప్రాంగణం, మూడో నాలుగో శతాబ్దాల గోడలూ, జంట బురుజుల సవోయియా ద్వారమూ ఆ దారి తెచ్చిన సంపదకూ, అదే దారి తెచ్చిన భయానికీ సాక్ష్యాలు. క్రీ.శ. 312లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ గౌల్ నుంచి దిగివచ్చి, ఇటలీని ఏలుతున్న ప్రత్యర్థి మక్సెంతియుస్ మీద సాగించిన యుద్ధంలో మొదటి దెబ్బ తిన్నది సూసాయే. అతని సైనికులు ద్వారాలకు నిప్పు పెట్టారు. పట్టణం లొంగాక దోపిడీ జరగనివ్వకుండా ఆ మంటలను ఆర్పించాడని సమకాలీన ప్రశస్తి ప్రసంగాలు చెబుతాయి. అవి పొగడ్త కోసం రాసినవే అయినా, వెనక్కి తిరగవలసి వస్తే వాడుకోవలసిన దారిలోని ఊరిని ఏ సేనాపతీ బూడిద చేసుకోడన్న లెక్క అందులో నమ్మదగినదిగానే ఉంది.

మధ్యయుగాల్లో రాకపోకల బరువు మోంజెనెవ్ర్ నుంచి మోన్ సెనీ మీదికి మారింది. కొత్త కనుమ కాస్త ఎత్తయినదే అయినా, ఫ్రాంకుల రాజ్యానికి దగ్గరి దారి అదే. 726లో అబ్బో అనే ఫ్రాంకిష్ అధికారి చెనిస్కియా లోయలో, కనుమకు ఎక్కే బాట మొదట్లో, నొవలేజా మఠాన్ని స్థాపించాడు. అప్పటికి ఉత్తర ఇటలీని ఏలుతున్న లొంబార్డుల రాజ్యపు సరిహద్దు లోయ దిగువనున్న ఇరుకు దగ్గర, నేటి క్యూజా ఊరి వద్ద ఉండేది; సూసా ఫ్రాంకుల వైపున ఉండేది. 773లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ మోన్ సెనీ దాటి వచ్చి, ఆ ఇరుకులో కాపు కాసిన లొంబార్డు రాజు దెసిదేరియుస్‌ను వెనక్కి తరిమాడు. తొమ్మిదవ శతాబ్దం తొలి భాగంలో కనుమ పైన బాటసారులకు సత్రం ఏర్పడింది. పదవ శతాబ్దం మొదట్లో సారసెన్లనే ముస్లిం దండుల దాడులకు భయపడి నొవలేజా సన్యాసులు గ్రంథాలతో సహా టూరిన్‌కు పారిపోయారు. మఠం తర్వాత మళ్లీ నిలదొక్కుకుంది గాని పాత వైభవం రాలేదు.

సూసా పేరు ఐరోపా రాజకీయాల్లోకి గట్టిగా ఎక్కింది పదకొండవ శతాబ్దంలో. టూరిన్ పాలకుడు ఒల్దెరీకో మన్‌ఫ్రేది 1029లో ఊళ్లో సాన్ జూస్తో మఠాన్ని స్థాపించాడు. ఆ మఠపు చర్చి 1772లో కతీడ్రల్ హోదా పొందింది. అతని కూతురు ఆదెలైడే మగ వారసులు లేని ఆ సంస్థానాన్ని 1091లో మరణించేదాకా స్వయంగా నడిపింది. మూడవ పెళ్లిగా ఆమె కనుమ అవతలి సవాయ్ వంశానికి చెందిన ఒడ్డోనేను 1046 ప్రాంతంలో చేసుకుంది. ఒక కనుమకు రెండు వైపులా ఉన్న రెండు సంస్థానాలు ఆ పెళ్లితో ఒక ఇంటివయ్యాయి. అంతవరకు ఆల్ప్స్ అవతలి కొండ ప్రభువులుగా ఉన్న సవాయ్ వంశానికి ఇటలీలో మొదటిసారి కాలు నిలిచింది అప్పుడే. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత 1861లో ఏకమైన ఇటలీకి రాజులైనది ఆ వంశమే.

ఆదెలైడే కూతురు బెర్తా జర్మన్ రాజు నాలుగవ హెన్రీకి భార్య. పోప్ చేత బహిష్కృతుడైన హెన్రీ 1077 జనవరిలో పోప్ ఉన్న ఇటలీలోని కనోస్సా కోటకు క్షమాపణ కోరడానికి వెళ్లినప్పుడు మిగతా కనుమలను అతని శత్రువులు కాపు కాశారు. దారి ఇచ్చినది అత్తగారే, అదీ కొంత భూభాగం ప్రతిఫలంగా తీసుకుని. ఆ శీతాకాలపు ప్రయాణాన్ని హెర్స్‌ఫెల్ట్ మఠానికి చెందిన లాంపెర్ట్ వర్ణించాడు. మగవాళ్లు మంచు మీద పాకుతూ, జారుతూ దిగారట. రాణినీ, ఆమె వెంట ఉన్న స్త్రీలనూ ఎద్దు తోళ్ల మీద కూర్చోబెట్టి స్థానిక దారి చూపేవాళ్లు కిందికి లాక్కెళ్లారట. లాంపెర్ట్ హెన్రీకి వ్యతిరేకి కాబట్టి కొంత రంగు పులిమి ఉండవచ్చు. అయినా అలా మనుషులను దాటించే వృత్తివాళ్లు కనుమ దగ్గర అప్పటికే ఉన్నారన్నది ఆ వర్ణనలో మనకు పనికివచ్చే అంశం.

దారి మీది ఊరికి అతిథులతో పాటు పగలు కూడా వస్తాయి. 1168లో ఉత్తర ఇటలీలోని లొంబార్డు నగరాల తిరుగుబాటుతో ఇటలీ విడిచి పారిపోతున్న జర్మన్ చక్రవర్తి ఫ్రెడెరిక్ బార్బరోస్సాకు సూసాలో ఊరివాళ్లు ఎదురు తిరిగారు. చక్రవర్తి మారువేషంలో బయటపడవలసి వచ్చింది. 1174లో అదే దారిన పెద్ద సైన్యంతో తిరిగి వచ్చి ఊరిని తగలబెట్టాడు.

సరిహద్దుల విషయంలో ఈ లోయది విచిత్రమైన పరిస్థితి. పర్వతశిఖరాలే రాజ్యాలకు హద్దులు అనుకోవడం మనకు అలవాటు. ఇక్కడ వందల ఏళ్ల పాటు జరిగింది దానికి దాదాపు తలకిందులు. సవాయ్ రాజ్యం ఆల్ప్స్‌కు రెండు వైపులా పరుచుకున్నందువల్ల మోన్ సెనీ కనుమ ఆ రాజ్యపు లోపలి వీధిలాగా ఉండేది. 1563లో రాజధాని షాంబెరీ నుంచి టూరిన్‌కు మారాక పాత రాజధానికీ కొత్త రాజధానికీ మధ్య నడిచే దారి అదే. మరోవైపు, సూసాకు కొద్ది కిలోమీటర్ల ఎగువనే, క్యోమోంతే దగ్గర, లోయను అడ్డంగా కోస్తూ దోఫినే అనే ఫ్రెంచి ప్రాంతపు సరిహద్దు ఉండేది. అంటే ఉల్క్స్, ఎక్సీల్, బర్దొనెక్క్యా వంటి ఎగువ లోయ గ్రామాలు నీళ్ల పారుదల ప్రకారం ఇటలీవి, పాలన ప్రకారం ఫ్రాన్సువి. ఆ గ్రామాలు 1343లో దోఫినే ప్రభువుకు సొమ్ము చెల్లించి, పన్నులు తామే వేసుకునే, తామే పంచుకునే స్వపాలన హక్కులను కొనుక్కున్నాయి. ఆనాటి విభజన భాషలో ఇంకా పూర్తిగా చెరగలేదు. ఎగువ లోయ పాతతరం ఆక్సిటన్ మాట్లాడుతుంది, సూసా చుట్టుపక్కల ఫ్రాంకో-ప్రొవెన్సాల్ వినబడుతుంది, దిగువకు పోయేకొద్దీ పీడ్‌మాంటీస్ వస్తుంది. ఇటలీ 1999లో చేసిన అల్పసంఖ్యాక భాషల చట్టం మొదటి రెండింటికీ గుర్తింపు ఇచ్చింది.

సరిహద్దు ఇంత దగ్గరగా ఉన్నంతకాలం సూసా కోట ఊరుగానే బతికింది. 1629 మార్చిలో ఫ్రెంచి రాజు పదమూడవ లూయీ, మంత్రి రిషెల్యూ వెంట రాగా, ఊరికి ఎగువనున్న అడ్డుగోడలను బలవంతంగా దాటి పట్టణాన్ని పట్టుకున్నాడు. ఆ ఏప్రిల్‌లో ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య కుదిరిన శాంతి ఒప్పందాన్ని సూసా పేరుతోనే చరిత్ర గుర్తుంచుకుంది. 1713 నాటి యుట్రెక్ట్ ఒప్పందం ఎగువ లోయను సవాయ్‌కు ఇచ్చి, నీళ్లు ఎటు పారితే ఆ వైపు అన్న సూత్రంతో సరిహద్దును మోంజెనెవ్ర్ శిఖరరేఖకు జరిపింది. అదే కాలంలో ఊరి పక్కనున్న బండలో తొలిచి కట్టిన బ్రునెత్తా కోట ఐరోపాలో దుర్భేద్యమని పేరు తెచ్చుకుంది. అంతటి కోటనూ ఏ సైన్యమూ యుద్ధంలో పడగొట్టలేదు. నెపోలియన్ చేతిలో సవాయ్ ఓడిపోయాక, 1796 పారిస్ ఒప్పందంలోని షరతు ప్రకారం కట్టినవాళ్లే దాన్ని కూల్చవలసి వచ్చింది.

యుద్ధాలు లేని రోజుల్లో ఊరికి అన్నం పెట్టినది కొండ దాటించే పని. పద్దెనిమిదవ శతాబ్దం చివరి దాకా మోన్ సెనీ మీద చక్రం నడిచే బాట లేదు. టూరిన్ నుంచి సూసా మీదుగా వచ్చిన బండిని నొవలేజాలో ఆపి, చక్రాలూ ఇరుసులూ విప్పి, ముక్కలను కంచర గాడిదల మీద ఎక్కించేవారు. అవతల లాన్లెబూర్‌లో మళ్లీ బిగించేవారు. ప్రయాణికులను కర్రలకు కట్టిన కుర్చీల్లో కూర్చోబెట్టి మోత కూలీలు మోసుకెళ్లేవారు. వాళ్లను మారోన్లు అనేవారు. కళలూ శిథిలాలూ చూడటానికి ఇటలీకి బయలుదేరే ఇంగ్లీషు సంపన్న కుటుంబాల యువకులు ఈ దాటుడును భయంతోనూ, తర్వాత గర్వంగానూ ఉత్తరాల్లో రాసుకున్నారు. వారిలో ఒకడైన రచయిత హొరేస్ వాల్‌పోల్ 1739లో ముద్దుగా పెంచుకున్న చిన్న కుక్కను ఈ ఎక్కుడులోనే పట్టపగలు తోడేలు ఎత్తుకుపోయింది. అటువంటి ఒక్కొక్క ప్రయాణం వెనుక గాడిదల యజమానులూ, వడ్రంగులూ, కమ్మరులూ, సత్రాలవాళ్లూ, సుంకం అధికారులూ ఉండేవారు. కొండ ఎంత కష్టపెడితే లోయకు అంత సంపాదన అన్నమాట. ఈ లెక్క అర్థమైతే తర్వాతి రెండు శతాబ్దాల సూసా కథ సగం అర్థమైనట్లే.

ఎందుకంటే ఇక్కడి నుంచి కథంతా కష్టాన్ని తగ్గించిన ఇంజనీర్లదే. పంతొమ్మిదవ శతాబ్దం తొలి పదేళ్లలో నెపోలియన్ ఆజ్ఞతో మోన్ సెనీ మీదుగా వంకరలు తిరుగుతూ బండ్లు నడిచే రహదారి పడింది. దారి పొడవునా తుపానులో చిక్కినవారికి ఆశ్రయ గృహాలు కట్టారు. కొత్త రహదారి సూసా నుంచే ఎక్కింది గాని నొవలేజాను పక్కన పెట్టి, జల్యోనే వైపు వాలు పట్టుకుంది. బండ్లు విప్పి బిగించే పనితో శతాబ్దాలు బతికిన నొవలేజా కొద్ది ఏళ్లలోనే మారుమూల పల్లె అయింది. సూసాకు మాత్రం ఇది మంచికాలం. పొరుగూరి నష్టం సూసా భవిష్యత్తుకు నమూనా అని అప్పట్లో ఎవరికైనా తోచిందో లేదో చెప్పలేము.

1854 మే నెలలో టూరిన్ నుంచి సూసా దాకా రైలు వచ్చింది. అక్కడితో పట్టాలు ఆగిపోయాయి, అవతలికి గుర్రపు బండ్లే. పారిస్ నుంచి వచ్చే ఫ్రెంచి పట్టాలు కూడా అవతలి లోయలో అలాగే ఆగేవి. ఈ మధ్య ఖాళీని పూరించడానికి ఇంగ్లీషు ఇంజనీరు జాన్ ఫెల్ ఒక సాహసం చేశాడు. నెపోలియన్ రోడ్డు అంచునే సన్నని పట్టాలు పరిచి, వాటి మధ్య మూడవ పట్టాను ఎత్తుగా బిగించి, ఇంజను అడ్డ చక్రాలతో దాన్ని రెండు వైపులా నొక్కి పట్టుకుంటూ ఎక్కే ఏర్పాటు చేశాడు. సూసా నుంచి ఫ్రాన్సు వైపున్న సాఁ-మిషెల్ వరకు 77 కిలోమీటర్ల ఆ మార్గం 1868 జూన్‌లో మొదలైంది. కొన్నిచోట్ల పన్నెండు అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కే వాలు అది. మామూలు రైలుకు అసాధ్యమైన ఎక్కుడు.

ఈ చిన్న రైలుతో భారతదేశానికి నేరుగా సంబంధం ఉంది. దాన్ని కట్టడానికి పెట్టుబడి పెట్టినవారి ఆశల్లో ముఖ్యమైనది లండన్ నుంచి ఇండియాకు వెళ్లే టపా. 1869 నవంబరులో సూయజ్ కాలువ తెరుచుకుంది. ఇటలీ మడమ దగ్గరున్న బ్రిందిసీ రేవు దాకా టపాను రైలు మీద తెచ్చి ఓడకెక్కిస్తే, మార్సే నుంచి ఓడెక్కించడం కంటే సముద్రం మీద రోజులు కలిసివస్తాయి. ఇంగ్లండు నుంచి బొంబాయికి బయలుదేరిన ఉత్తరాల సంచులు ఆ విధంగా కొంతకాలం ఈ మూడు పట్టాల మీదుగా మోన్ సెనీ దాటి, సూసా స్టేషనులో పెద్ద రైలుకు మారాయి. 1870లో ఫ్రాన్సు, ప్రష్యా యుద్ధం ఆ ఏర్పాటుకు అంతరాయం కలిగించింది.

అసలు దెబ్బ కొట్టింది యుద్ధం కాదు. 1857లోనే, సవాయ్ రాజ్యానికి కవూర్ ప్రధానిగా ఉండగా, ఎగువ లోయలోని బర్దొనెక్క్యా నుంచి నేటి ఫ్రాన్సులోని మొదాన్ వైపు ఫ్రెజుస్ కొండ కింద పన్నెండు కిలోమీటర్లకు పైబడిన రైలు సొరంగం తవ్వకం మొదలైంది. చేతి సమ్మెటలతో పాతికేళ్లు పడుతుందనుకున్న పనిని, ఇంజనీరు జెర్మానో సొమెయ్యె ప్రవేశపెట్టిన సంపీడిత వాయు యంత్రాలు పద్నాలుగేళ్లకు తగ్గించాయి. 1871 సెప్టెంబరు 17న సొరంగం ప్రారంభమైంది. ఫెల్ రైలు ఆ శరదృతువులోనే మూతపడింది. ఇంజన్లలో కొన్ని బ్రెజిల్ కొండ రైలుకు వెళ్లాయి.

కొత్త ప్రధాన మార్గం సూసా దాకా రాలేదు. ఊరు లోయ అడుగున ఉంది, సొరంగం ముఖమేమో 1,300 మీటర్ల ఎత్తున. అంత ఎత్తుకు నెమ్మదిగా ఎక్కాలంటే రైలు దూరం నుంచే వాలు పట్టుకోవాలి. అందుకని మార్గం సూసాకు ఏడెనిమిది కిలోమీటర్లు దిగువనున్న బుస్సొలేనో దగ్గరే విడిపోయి, ఎదుటి కొండవాలు మీదుగా ఎక్కి, సూసాను కిందికి చూస్తూ సాగిపోయింది. ఇంజన్ల షెడ్లూ, రైల్వే ఉద్యోగాలూ బుస్సొలేనోకు దక్కాయి. ఐరోపా ప్రధాన మార్గంలో చివరి స్టేషనుగా పదిహేడేళ్లు వెలిగిన సూసాకు ఒక కొమ్మ లైను మిగిలింది. రెండు వేల ఏళ్లు ఊరికి లాభం తెచ్చిన పల్లం, రైలు యుగంలో దానికే లోటయింది. ఇందులో ఎవరి కుట్రా లేదు, వాలు లెక్కలు తప్ప.

రాజకీయ పటం కూడా అదే కాలంలో మారింది. ఇటలీ ఏకీకరణలో ఫ్రాన్సు చేసిన సాయానికి బదులుగా 1860లో సవాయ్ ఆ దేశానికి వెళ్లిపోయింది. ఎనిమిది శతాబ్దాల పాటు ఒకే ప్రభువు కింద ఉన్న మోన్ సెనీ దారి మీద ఇప్పుడు రెండు దేశాల సుంకం చౌకీలు వెలిశాయి. మిగిలిన రహదారి మెల్లగా వినోదానికి పనికివచ్చింది. 1902 జులైలో సూసా నుంచి మోన్ సెనీకి కార్ల పందెం జరిగింది, ఇటలీలో కొండ ఎక్కే తొలి కారు పందేల్లో ఇది ఒకటి. తర్వాతి కాలంలో సొంత కార్ల కంపెనీ పెట్టిన విన్‌చెంజో లాంచా అందులో ఫియట్ కారు నడిపి గెలిచాడు.

రెండవ ప్రపంచయుద్ధంలో ఫ్రెజుస్ రైలు మార్గం జర్మన్ సేనల సరఫరాకు కీలకమైనప్పుడు, 1943 డిసెంబరు చివర స్థానిక ప్రతిఘటన దళాలు ఊరికి ఎదుటి వాలు మీదున్న ఆర్నొదేరా రైలు వంతెనను పేల్చివేశాయి. యుద్ధం ముగిశాక 1947 పారిస్ ఒప్పందం మోన్ సెనీ పీఠభూమిని, సరస్సూ పాత సత్రంతో సహా, ఫ్రాన్సుకు అప్పగించింది. 1960లలో అక్కడ పెద్ద ఆనకట్ట లేవడంతో సత్రం నీట మునిగింది. ఆ నీళ్లలో కొంత వాటా ఇటలీదే. అది చెనిస్కియా లోయలోని వెనౌస్ విద్యుత్ కేంద్రానికి దిగుతుంది. 1980లో ఫ్రెజుస్ కింద రోడ్డు సొరంగం, దానికి తోడుగా లోయ పొడవునా స్తంభాల మీద ఎక్స్‌ప్రెస్ రహదారి వచ్చాక భారీ లారీలు కూడా సూసాలో ఆగవలసిన అవసరం లేకపోయింది. మోన్ సెనీ రోడ్డును శీతాకాలంలో మంచు వల్ల మూసేస్తారు. వేసవిలో సైకిళ్లవాళ్లూ, మోటారు సైకిళ్లవాళ్లూ కనబడతారు.

ఇదంతా దారి కథ. దారితో నిమిత్తం లేకుండా ఊరు తనకోసం ఉంచుకున్నది ఒకటుంది: రోచ్చామెలోనే కొండ. ఎదుటి పల్లం వల్ల అది ఎంత పెద్దగా కనబడుతుందంటే, శతాబ్దాల పాటు ఆల్ప్స్‌లో అన్నిటికన్నా ఎత్తయినది అదేనని జనం నమ్మారు. 1358 సెప్టెంబరు 1న పీడ్‌మాంట్‌లోని ఆస్తి అనే నగరానికి చెందిన బొనిఫాచో రొతారియో మేరీమాత బొమ్మ చెక్కిన లోహపు మడత ఫలకాన్ని మోసుకుంటూ శిఖరం చేరాడు. తేదీ సహితంగా నమోదైన ఐరోపా శిఖరారోహణల్లో ఇది బాగా పాతది. ఆ ఫలకాన్ని సూసాలోనే భద్రపరిచారు. 1899లో ఇటలీ అంతటా పిల్లలు ఇచ్చిన చిల్లర నాణేలతో శిఖరం మీద మేరీమాత కంచు విగ్రహం నిలిపారు. ఏటా ఆగస్టు 5న యాత్రికులు పైకి ఎక్కుతారు. వాళ్లు ఎక్కడికో పోతూ ఇక్కడ ఆగినవాళ్లు కారు, ఇక్కడికే వచ్చినవాళ్లు.

ప్రస్తుతం సూసా పేరు వార్తల్లో వినబడేది మరో సొరంగం వల్ల. టూరిన్, లియోన్ నగరాల మధ్య కొత్త రైలు మార్గం కోసం ఇటలీ, ఫ్రాన్సు 2001లో ఒప్పందం చేసుకున్నాయి. అందులో ప్రధానమైనది సూసా దగ్గర మొదలై ఫ్రాన్సులోని సాఁ-జాఁ-ద-మోరియెన్ దాకా 57.5 కిలోమీటర్ల పొడవున తవ్వే సొరంగం. సుమారు 45 కిలోమీటర్లు ఫ్రాన్సులో, మిగతాది ఇటలీలో ఉంటుంది. 1871 నాటి సొరంగం కొండ పైభాగాన ఉండటం వల్ల బరువైన గూడ్సు రైళ్లు దానికి ఎక్కలేక అదనపు ఇంజన్లు తగిలించుకోవలసి వస్తోందనీ, కొండ అడుగునే దాటితే ఆ ఎక్కుడు తప్పుతుందనీ సమర్థకులు అంటారు. ఇప్పటికే రెండు రైలు పట్టాలూ, జాతీయ రహదారులూ, ఎక్స్‌ప్రెస్ రహదారీ, విద్యుత్ లైన్లూ ఇరుకు లోయలో కుక్కుకుని ఉన్నాయనీ, రాతిలోని ఆస్బెస్టాస్, ఊటలు ఎండిపోవడం, దశాబ్దాల నిర్మాణ ధూళి తమ పాలబడతాయనీ, ఉన్న మార్గమే పూర్తిగా వాడకంలో లేదనీ వ్యతిరేకులు అంటారు. 2005 డిసెంబరులో వెనౌస్ వద్ద నిర్మాణ స్థలాన్ని వేలాది మంది తిరిగి ఆక్రమించుకోవడంతో ప్రభుత్వం మార్గాన్ని మళ్లీ గీయవలసి వచ్చింది. 2011లో క్యోమోంతే దగ్గర మొదలైన పరీక్ష సొరంగం పోలీసు కాపలా మధ్యనే సాగింది.

బయటివారు ఈ ఉద్యమాన్ని తరచు అభివృద్ధికీ పాతకాలపు పట్టుదలకూ మధ్య తగవుగా చూపిస్తారు. లోయ చరిత్ర తెలిసినవారికి ఆ చిత్రణ చాలదు. ప్రతి కొత్త దారీ ఇతరుల ప్రయాణాన్ని తగ్గించింది, దాని ఖర్చులో ఒక భాగం లోయ మోసింది. నొవలేజాకు 19వ శతాబ్దం మొదట్లోనూ, సూసాకు 1871లోనూ జరిగినది ఇదే. అయితే పాత మార్గం ఎంత బలహీనమో కూడా ఈ మధ్యనే తేలింది. 2023 ఆగస్టు 27న ఫ్రాన్సు వైపు మోరియెన్ లోయలో కొండచరియ విరిగిపడి ఫ్రెజుస్ రైలు మార్గం మూతపడింది. పారిస్, మిలాన్ నగరాల మధ్య రైళ్లు మళ్లీ నడిచింది 2025 మార్చి 31న. వాదంలో రెండు పక్షాలూ ఈ సంఘటనను తమ తమ వైపు సాక్ష్యంగా చూపుకున్నాయంటే ఆశ్చర్యపోనక్కర్లేదు: ఒకరికి అది కొత్త సొరంగం కావాలనడానికి రుజువు, మరొకరికి ఉన్న మార్గాన్ని బాగుచేయడం నిర్లక్ష్యం చేశారనడానికి రుజువు.

కొత్త మార్గం ప్రణాళికలో సూసాకు అంతర్జాతీయ స్టేషను ఒకటి ఉంది. 2012లో జరిగిన పోటీలో జపాన్ వాస్తుశిల్పి కెంగో కుమా బృందపు నమూనా దానికి ఎంపికైంది. కట్టడం పూర్తయితే, 1871లో కొండవాలు మీదుగా తప్పుకుపోయిన ప్రధాన మార్గం మళ్లీ లోయ అడుగుకు, ఊరి గడపకు వచ్చినట్లవుతుంది. సొరంగం తక్కువ ఎత్తున ఉండాలంటే తక్కువ ఎత్తున ఉన్న ఊరు కావాలి కాబట్టి, రైలు యుగంలో లోటైన పల్లమే ఈసారి సూసాను ఎంపిక చేసింది. కానీ ఆ మార్గం గీసింది గూడ్సు రైళ్ల కోసం, నగరం నుంచి నగరానికి దూసుకుపోయే రైళ్ల కోసం. ఆరు వేల జనాభా ఉన్న ఊళ్లో వాటిలో ఎన్నింటిని ఆపుతారన్నది సొరంగపు నక్షాలో ఉండదు. దాన్ని టైంటేబుల్ తయారుచేసేవాళ్లు నిర్ణయిస్తారు.